అంగడి నిలవాలి, అంగడివాడూ నిలవాలి

పాత కట్టడాన్ని కాపాడటమంటే రాతిని, సున్నాన్ని కాపాడటం మాత్రమే కాదు. ఆ గోడల నీడలో తరతరాలుగా సాగుతున్న జీవనోపాధిని కాపాడటం కూడా. ఈ రెండవ బాధ్యతను విస్మరించిన పునరుద్ధరణ, పేద వర్తకుణ్ణి మర్యాదగా వెళ్లగొట్టే ఉపాయంగా మిగులుతుంది.

హైదరాబాదు అనుభవం మన కళ్లెదుట ఉంది. 1908 మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసిన పిదప, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టీలో రాతి తోరణాల అంగళ్లను నిర్మించింది. బాటసారికి నీడ, వర్తకునికి నిలువు చోటు, రెండూ ఆ నిర్మాణంలో ఇమిడి ఉన్నాయి. 1935లో ఏడవ నిజాం రెండవ కుమారుని పేరిట మొఅజ్జంజాహీ మార్కెట్ వెలసింది. కాలక్రమంలో శిథిలమైన ఆ గ్రానైటు కట్టడం మరమ్మతుల అనంతరం 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభమైంది. అది ప్రదర్శనశాల కాలేదు. అక్కడ నేటికీ పండ్లు, అత్తరు, ఐస్‌క్రీం అమ్ముడవుతున్నాయి. అంగడిగా పుట్టిన భవనాన్ని అంగడిగానే నిలబెట్టవచ్చునని అది రుజువు చేసింది.

లాడ్ బజారు మరొక ప్రశ్నను ముందుంచుతున్నది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే గాజుకు గుర్తింపునిచ్చి, గాజు చేసే చేతికి చోటు లేకుండా చేస్తే ఆ గౌరవానికి అర్థమేమిటి?

ఈ విషయం మన నెల్లూరు తీరానికి దూరమైనది కాదు. 1801 వరకు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉన్న ప్రాంతం మనది. మసీదులకు, దర్గాలకు ఆనుకొని ఉన్న అద్దె దుకాణాలు మనకు కొత్త కావు. వాటి ఆదాయం ఇమాము జీతానికి, అనాథల చదువుకు, వితంతువుల ఆసరాకు చెందవలసిన అమానతు. దేశవ్యాప్తంగా వక్ఫ్ ఆస్తులపై ఏటా వస్తున్నది సుమారు 163 కోట్ల రూపాయలేనని, పది శాతం ప్రతిఫలం లభిస్తే అది 12,000 కోట్లు కాగలదని 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. ఈ అంతరానికి మూల్యం చెల్లిస్తున్నది మన పేదలే.

కావున రెండు తప్పులనూ మనం నిష్పక్షపాతంగా చూడాలి. దశాబ్దాల నాటి నామమాత్రపు అద్దెనే నేటికీ చెల్లిస్తూ, దుకాణాన్ని పైఅద్దెకిచ్చి లాభం గడించడం పేదల హక్కును కాజేయడమే. అదే విధంగా, అభివృద్ధి పేరిట పాత కట్టడాన్ని నేలమట్టం చేసి, చిన్న వర్తకుడు అందుకోలేని అడ్వాన్సు అడగడమూ అన్యాయమే.

మరమ్మతు చేసేటప్పుడు తీరప్రాంత స్వభావాన్ని మరువరాదు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పాత సున్నపు గోడపై సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే చిక్కుకొని ఇటుకను తినివేస్తుంది. సున్నానికి సున్నమే మేలు. పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉండగానే ఆ విద్యను మన యువకులకు నేర్పించాలి.

మసీదు కమిటీలను, ముతవల్లీలను, వక్ఫ్ బోర్డును మేము కోరేది నాలుగు మాటలు. పని మొదలుకాకముందే ప్రతి దుకాణం కొలతలు, అద్దె వివరాలు, వర్తకుని పేరు నమోదు చేసి అందరికీ తెలిసేలా గోడపై అతికించాలి. మరమ్మతు కాలంలో వర్తకునికి తాత్కాలిక చోటు చూపి, తిరిగి అదే దుకాణం ఇస్తామని వ్రాతపూర్వక హామీ ఇవ్వాలి. అద్దెను న్యాయమైన స్థాయికి ఒకేసారి కాక అంచెలంచెలుగా పెంచాలి. పెరిగిన ఆదాయం ఎవరికి చేరిందో ఏటా జమాఅతు ముందు లెక్క చెప్పాలి.

వర్తక సోదరులకు కూడా ఒక మాట. హామీ కోరే హక్కు మీకున్నట్లే, న్యాయమైన అద్దె చెల్లించే బాధ్యతా మీపై ఉంది. వక్ఫ్ చేసిన పూర్వీకులు ఆ దుకాణాన్ని ఒక కుటుంబానికి కానుకగా ఇవ్వలేదు, ఒక కమిటీకి సొత్తుగానూ అప్పగించలేదు. పేదవాని పేరిట విడిచి వెళ్లారు. గోడకు సున్నం వేసే ముందు ఆ పేరును గుర్తు చేసుకుందాం.