మోదుగకు వాసన ఎందుకుండాలి?

చదువు మీద వ్యాసం అనగానే మనం రాసే పోలిక ఒకటుంది. ఎంత అందమున్నా, ఎంత గొప్ప ఇంట్లో పుట్టినా, చదువు లేనివాళ్ళు వాసన లేని మోదుగపువ్వుల్లాంటివాళ్ళు అని. హితోపదేశంలోని ఒక సంస్కృత శ్లోకం ఆ మాటే చెబుతుంది. చదువు గొప్పదనడంలో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పోలికతోనే.

మోదుగని మా కవితాళ వైపు కన్నడంలో ముత్తుగ అంటారు. మా ఇంట్లో రెండు పేర్లూ నడుస్తాయి. చలికాలంలో ఆకు రాల్చేసి, ఫాల్గుణం నాటికి చెట్టు చెట్టంతా ఎర్రగా పూస్తుంది. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని చూడండి. కింది రేకు అచ్చం చిలక ముక్కులా వంగి ఉంటుంది. ‘ఇది చిలకా ఏమిటి?’ అనే అర్థంలోనే సంస్కృతంలో కింశుకం అన్నారు. పుప్పొడి ఉండేది ఆ ముక్కులోనే. తేనె కోసం తేనెపిట్ట తల దూర్చినప్పుడు అది ఒంటికి అంటుకుని ఇంకో చెట్టుకు చేరుతుంది. ఉడుతలూ వస్తాయి. పిట్టలు పువ్వుల్ని వెతుక్కునేది ముఖ్యంగా కళ్ళతో. ఆకుల్లేని కొమ్మల మీద ఆ ఎరుపు ఎంత దూరానికైనా కనబడుతుంది కదా! రాత్రి విచ్చే మల్లె చీకట్లో పురుగుల్ని పిలుచుకోవాలి, అందుకని దానికి వాసన కావాలి. మోదుగకి ఆ అవసరమే లేదు. అంటే మనం లోపం అంటున్నది అసలు లోపమే కాదు.

పైగా ఆకులు విస్తళ్ళకి, పూలు హోళీ రంగుకి, కొమ్మలు లక్కపురుగులకి. దాశరథి రంగాచార్య తెలంగాణ పోరాటం మీద రాసిన నవలకి ‘మోదుగుపూలు’ అనే పేరు పెట్టారు. వాసన లేదని ఆయన వెనకాడలేదు.

ఇక మనుషుల సంగతి. చిన్నప్పుడే బడి మాన్పించిన అమ్మలు, పిన్నమ్మలు మన ఇళ్ళల్లో లేరా? రెండాకుల మొలకని చూసి పైరో కలుపో చెప్పేస్తారు. కూలి లెక్క నోటితోనే కట్టేస్తారు. వాళ్ళు చదువుకోలేదు అంటాం గానీ, నిజానికి వాళ్ళని చదివించలేదు. తప్పు చదివించనివాళ్ళది. శ్లోకం మాత్రం చదువు అందనివాళ్ళనే తక్కువ చేస్తుంది. అదే పోలిక డిగ్రీ చదువుతున్న మనమూ రాస్తే, ఫీజు కట్టి పంపిన అమ్మనే అన్నట్టు కాదా?

చదువు గురించి ఎంతైనా రాయండి. ఆడపిల్లల బడి ఎవరు, ఎందుకు మాన్పించారో అది కూడా రాయండి. మోదుగని మాత్రం వదిలేయండి. దాని పని అది సరిగ్గానే చేసుకుంటోంది.