రక్తక్రయధనంలో మనకు పాలుందా?

యూదా విసిరేసి వెళ్లిన ముప్పై వెండి నాణేలను ప్రధాన యాజకులు కానుక పెట్టెలో వేయలేదు. అది రక్తక్రయధనమని, పెట్టెలో వేయకూడదని అనుకున్నారు (మత్తయి 27:6). ఆ రక్తానికి బేరమాడింది తామేనన్న సంగతి మాత్రం వారికి గుర్తురాలేదు! ఈ గుణం మనలోనూ ఉంది. ఆదివారం లోకశాంతి కోసం కన్నీటితో ప్రార్థిస్తాం. సోమవారం ఆయుధ కంపెనీల షేర్లు ఎంత పెరిగాయో చూసుకుంటాం.

2023లో ప్రపంచంలోని 100 అతిపెద్ద ఆయుధ కంపెనీలకు ఆయుధాల వ్యాపారంపై వచ్చిన ఆదాయం 63,200 కోట్ల డాలర్లని స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ లెక్కగట్టింది. 2015లో సౌదీ కూటమి దాడులు మొదలుపెట్టిన యెమెన్‌లో 2021 చివరికి 3,77,000 మంది మరణించి ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. వారిలో సగానికి పైగా ఆకలికి, రోగాలకు బలైనవారే.

ఇంత పెద్ద వ్యాపారం ముందు సామాన్యులేం చేయగలరు? ఇటలీలోని జెనోవా రేవు కార్మికులు 2019 మే నెలలో జవాబిచ్చారు. ఆయుధాలతో వచ్చిన సౌదీ ఓడ 'బహ్రీ యాన్బు'లోకి సౌదీ నేషనల్ గార్డుకు వెళ్లే జనరేటర్లను ఎక్కించబోమని సమ్మె చేశారు. జనరేటర్లే కదా అని సర్దుకుపోలేదు. ఓడ ఆ సరుకు లేకుండానే వెళ్లిపోయింది. దాంతో యుద్ధం ఆగలేదు, నిజమే. కానీ తమ చేతులు మాత్రం దానికి సాయపడకుండా చూసుకున్నారు.

ఎఫెసులో దేమేత్రియ లాభం పోతుందన్న భయాన్ని దేవత ఘనతగా చెప్పి ఊరంతా లేపాడు (అపొ.కా. 19). ఈనాటి లాభాలు దేశభద్రత పేరు చెప్పుకుంటాయి. 'మరి దేశానికి రక్షణ వద్దా?' అని కొందరు విశ్వాసులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే! బాప్తిస్మమిచ్చే యోహాను సైనికులను కొలువు మానమనలేదు. ఎవరినీ బెదిరించి దోచుకోవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు (లూకా 3:14). కాపలా కాసే సైనికుని జీతం వేరు, యుద్ధం సాగినకొద్దీ పెరిగే లాభం వేరు. యుద్ధం ఆగితే సైనికుడు ఇంటికొచ్చి దేవునికి స్తోత్రం చెల్లిస్తాడు. ఆ శుభవార్త ఎవరికి దుర్వార్త అవుతుందో, వారి లాభంలో మనకు పాలు ఉండకూడదు.

కనుక మన పొదుపు, మన సంఘ నిధులు ఏ ఫండ్‌లో, ఏ షేర్లలో ఉన్నాయో అడిగి తెలుసుకుందాం. బోధకులమైన మేము ఈ ప్రశ్నను సంఘ కమిటీలోనే మొదలుపెట్టాలి. ఖడ్గాలు నాగటి నక్కులయ్యే దినాన్ని యెషయా ముందే చూశాడు (2:4). ఆ దినాన్ని దేవుడే తెస్తాడు. అంతవరకూ ఖడ్గాల అమ్మకంలో వాటా అడగకుండా ఉండడం మన వంతు!