ఫామ్‌లో లేనివాడిని ఏం చేద్దాం?

ముందే చెప్పేస్తున్నా, ఇది కోడింగ్ ఆర్టికల్ కాదు. కోడ్ కొంచెం, క్రికెట్ ఎక్కువ. నా తెలుగులో తప్పులుంటే సర్దుకుపోండి, చదివిందంతా ఇంగ్లిష్ మీడియమే.

మా హాస్టల్లో రాత్రి పది దాటాక సగం మంది కోచ్‌లైపోతారు. కొందరు ఫోన్లో హిట్‌వికెట్ (మన హైదరాబాద్ వాళ్లు చేసిన గేమే), కొందరు లాప్‌టాప్‌లో క్రికెట్ కెప్టెన్. వీటిలో బ్యాట్ పట్టుకునే పని మనది కాదు. టీమ్‌ని ఎంచుకోవడమే మన ఆట. అది చూసి నేనూ, నా రూమ్మేటూ కలిసి పైథాన్‌లో సొంతంగా ఒక చిన్న మేనేజర్ గేమ్ రాశాం. బొమ్మల్లేవు, అంతా టెక్స్టే. ప్రతి ప్లేయర్‌కీ రెండు నంబర్లు. ఒకటి స్కిల్, అది దాదాపు మారదు. రెండోది ఫామ్, 0 నుంచి 100 వరకు, ప్రతి మ్యాచ్‌కీ మారుతుంది. ఫామ్ 50 అయితే స్కిల్ ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. 100 అయితే 15 శాతం పెరుగుతుంది, 0 అయితే 15 శాతం తగ్గుతుంది.

15 శాతమే కదా అనుకున్నాం. లెక్క చూడండి. స్కిల్ 80, ఫామ్ 20 ఉన్నవాడి విలువ 72.8. స్కిల్ 65, ఫామ్ 90 ఉన్నవాడి విలువ కూడా సరిగ్గా 72.8. అంటే నాలుగు మంచి మ్యాచ్‌లు పడితే మామూలు బ్యాటర్ కూడా మంచి బ్యాటర్ పక్కన వచ్చి కూర్చుంటాడు. ఆటో సెలెక్ట్ నొక్కితే కంప్యూటర్ ఈ విలువల్ని వరసగా పేర్చి పైన ఉన్న పదకొండు మందిని తీసుకుంటుంది. మొహమాటం లేదు, బంధుత్వం లేదు. నాకు అది చాలా న్యాయంగా అనిపించింది.

న్యాయంగా ఎందుకు అనిపించిందంటే, మన పక్కనే దానికి ఉల్టా ఉదాహరణ ఉంది. విజయనగరం రాజకుటుంబంలో పుట్టిన మహరాజ్‌కుమార్, క్రికెట్ లోకం విజ్జీ అని పిలిచే ఆయన, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఇండియా టీమ్‌కి కెప్టెన్. మూడు టెస్టుల్లోనూ ఆయనే ఆడారు. మొత్తం కొట్టింది 33 పరుగులు, సగటు 8.25. అదే టూర్‌లో మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. అప్పుడు ఎవరి చేతిలోనైనా ఫామ్ అనే నంబర్ ఉండి, దాన్ని అందరూ చూడగలిగి ఉంటే, ఆ పని అంత సులువయ్యేది కాదేమో. అందుకే ఫామ్ చూడొద్దు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఫామ్ చూడకపోతే ఆ ఖాళీలోకి పలుకుబడి వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడివరకూ నా థియరీ బాగానే ఉంది. మొన్న సంక్రాంతికి దెబ్బతింది.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. పండక్కి టెన్నిస్ బాల్ టోర్నమెంట్ ఉంటుంది. మా టీమ్ స్కోర్లన్నీ రెండేళ్లుగా నేనే ఎక్సెల్‌లో రాస్తున్నా, అందుకే సెలెక్షన్‌లో నా మాట వింటారు. మా ఓపెనర్ నాకు చిన్నప్పటి నుంచీ ఫ్రెండ్. వాడి చివరి మూడు స్కోర్లు 2, 0, 7. మా గేమ్ ఫార్ములాలో వేస్తే ఫామ్ 20 దగ్గరికొచ్చింది. సెమీఫైనల్‌కి వాడిని తీసేద్దామని నేనే చెప్పాను. ఫోన్లో ఆ షీట్ కూడా చూపించాను. ఎవరూ కాదనలేదు.

వాడు గొడవ పడలేదు. "ఏటి మావా, నన్ను తీసేసినావంట?" అని మాత్రం అడిగాడు. సెమీఫైనల్‌కి రాలేదు. తర్వాత తెలిసింది, వాడు పైడిభీమవరంలో నైట్ డ్యూటీ చేసి, తెల్లారి బస్సెక్కి, నిద్ర లేకుండా నేరుగా గ్రౌండ్‌కి వచ్చి ఆడాడని. నా ఎక్సెల్‌లో నిద్రకి కాలమ్ లేదు.

ఆ రాత్రి అరుగు మీద తాతయ్యకి ఇదంతా చెప్తే ఆయన ఒక్క మాట అన్నారు: "ఆడికి బేటింగే ఇవ్వకపోతే ఆడు మళ్లీ ఎలగ కొడతాడ్రా?"

హాస్టల్‌కి వచ్చాక మా గేమ్‌ని మళ్లీ తెరిచి చూశాను. తాతయ్య చెప్పిన బగ్ అందులో ఉంది! ఫామ్ మారాలంటే మ్యాచ్ ఆడాలి. మ్యాచ్ ఆడాలంటే ఫామ్ ఉండాలి. స్కిల్ 80 ఉన్నవాడు ఫామ్ 20 దగ్గర బెంచ్ మీదకి వెళ్తే అతని విలువ 72.8 దగ్గరే గడ్డకట్టుకుపోతుంది. అతని ప్లేస్‌లో వచ్చిన స్కిల్ 75 వాడు ఏదో ఒక మాదిరిగా ఆడుతున్నా 75 ఉంటుంది. ఇక సీజన్ మొత్తం మంచి బ్యాటర్ బెంచ్ మీదే. కోడ్‌లో ఎర్రర్ రాలేదు, ప్రోగ్రామ్ చక్కగా రన్ అవుతోంది. అందుకే ఇన్నాళ్లూ మాకు కనపడలేదు.

ఇంకో తప్పు నా బుర్రలోనే ఉంది. మా పల్లె టోర్నమెంట్లలో మామూలు బ్యాటర్ దాదాపు సగం సార్లు పది లోపే అవుటైపోతాడు. అంటే బొమ్మా బొరుసే. వరసగా మూడు సార్లు బొరుసు పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. టీమ్‌లో పదకొండు మంది ఉంటే సాధారణంగా ఎవడో ఒకడు మూడు సార్లు ఫెయిలై కనిపిస్తాడు. దాన్ని మనం ఫామ్ అంటాం. చాలాసార్లు అది టాస్ మాత్రమే.

పెద్ద క్రికెట్‌లో కూడా ఇదే చూశాం. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో 90 కొట్టి టీమ్‌ని నిలబెట్టాడు. మార్చిలో ఆస్ట్రేలియా మీద 13, 18, 2. ఏప్రిల్ 15న ప్రకటించిన వరల్డ్ కప్ టీమ్‌లో పేరు లేదు. 55 వన్డేల్లో 47 సగటు ఉన్నవాడు. మూడు ఇన్నింగ్స్ ఒక్కటే కారణం అని నేను అనను, కానీ ఆ మూడూ లేకపోతే తీసేయడం కష్టమయ్యేది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. మన వైజాగ్ కీపర్ కేఎస్ భరత్ 2024 ఫిబ్రవరిలో సొంత గ్రౌండ్‌లో ఇంగ్లండ్ మీద 17, 6 చేశాడు. తర్వాత టెస్టుకి ధ్రువ్ జురెల్ వచ్చాడు, రాంచీలో 90, 39 నాటౌట్‌తో మ్యాచ్ గెలిపించాడు. నాకు బాధేసింది, కానీ ఆ సెలెక్షన్ తప్పని ఎలా అనగలను? భరత్‌కి అప్పటికే ఏడు టెస్టులు ఇచ్చారు. మూడు ఇన్నింగ్స్‌కీ ఏడు టెస్టులకీ తేడా ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఫామ్ చూడాలి, కానీ దగ్గరి స్కిల్ ఉన్న ఇద్దరి మధ్య తేల్చుకోవడానికి మాత్రమే. మూడు మ్యాచ్‌లు కాదు, కనీసం పది చూడాలి. తీసేసిన వాడికి తిరిగొచ్చే దారి ఉండాలి. మా గేమ్‌లో ఇప్పుడు బెంచ్ మీద ఉన్నవాడి ఫామ్ ప్రతి మ్యాచ్‌కీ కొంచెం 50 వైపు జరుగుతుంది. 20 ఉన్నవాడు మూడు మ్యాచ్‌లకి దాదాపు 35కి వస్తాడు, మళ్లీ పోటీలో ఉంటాడు. చివరిగా, తీసేసేముందు ఆ మనిషిని ఒక్కసారి అడగాలి. "ఏమైందిరా?" అని అడగడానికి ఏ ఫార్ములా అక్కర్లేదు.

మన కాలేజీలో కూడా మినీ ప్రాజెక్ట్ టీమ్‌లు వేసుకునేటప్పుడు పోయిన సెమ్ మార్కులు చూసి "వీడొద్దు" అనేస్తాం. బ్యాక్‌లాగ్ ఉన్నవాడిని ఎవరూ తీసుకోకపోతే వాడు కోడ్ రాయడం ఎక్కడ నేర్చుకుంటాడు? ఈసారి టీమ్ వేసేటప్పుడు ఒక్కసారి ఆలోచించండి.

నా ఫ్రెండ్‌కి సారీ చెప్పాను. "ఆటే కదా మావా" అన్నాడు గానీ, ఆ తర్వాత రెండు ఆదివారాలు గ్రౌండ్‌కి రాలేదు. వచ్చే సంక్రాంతికి వాడిని ఓపెనింగ్ పంపమని నేనే చెప్తా. ముందు రోజు వాడికి డ్యూటీ ఉందో లేదో కూడా నేనే కనుక్కుంటా.