నడిగడ్డ పొదుపు సంఘముల సోదరీమణులకు విజ్ఞప్తి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపురము సీమలలోను, తుంగభద్ర కావలి గట్టున కర్నూలు పల్లెలలోను సంకర విత్తనమునకై సీడు పత్తి పండించు కుటుంబముల కష్టసుఖము లెరిగిన సోదరీమణులకు ఈ విజ్ఞప్తిని సవినయముగా నివేదించుచున్నాను.

సంకర విత్తనము దానంతట నది పుట్టునది కాదు. మరునాడు విచ్చబోవు మొగ్గల నొక్కొక్కటిని సాయంకాలమున చేతబట్టి, రేకులతోకూడ కేసరములను గోటితో నొలిచివేసి, తెల్లవారిన పిదప మగపూవును తెచ్చి దాని పుప్పొడిని ఆడపూవు కీలాగ్రమున కద్దవలయును. ఈ క్రాసింగు పని నెలల తరబడి విరామము లేక సాగవలసియుండుటచేతను, ఆడపిల్లలకు తక్కువ కూలి యిచ్చిన చాలునను దురాచారము పాతుకొనియుండుటచేతను, బడికి పోవలసిన బాలికలు మందు చల్లిన చేలలో నుదయము మొదలు నిలువబడుట ఈ ప్రాంతమున దశాబ్దములుగా జరుగుచున్నది. సున్నితమైన వ్రేళ్లు కావున పిల్లలే కావలెనను మాటను నేనంగీకరింపజాలను. పెద్దల చేతులును ఆ పని చేయుచునే యున్నవి, భేదమంతయు కూలిలోనే.

ఆ బాలికను చేనికి నడిపించునది అడ్వాన్సు. ఇంట గింజలు నిండుకొన్న వేళనో, రోగము వచ్చిన వేళనో, పిల్ల కూలికి బదులుగా రైతు తలిదండ్రుల చేతిలో ముందే పెట్టు సొమ్మది. అది రైతునకు మధ్యవర్తియగు ఆర్గనైజరు వలనను, ఆర్గనైజరునకు విత్తన కంపెనీ వలనను వచ్చును. 1976 నాటి చట్టము అప్పుకై వెట్టి చేయించుటను రద్దుచేసినది. 1986 నాటి బాలకార్మిక చట్టము, 2016 సవరణ పిమ్మట, బడివేళలకు వెలుపల సొంత కుటుంబమునకు సాయపడుట మున్నగు స్వల్ప మినహాయింపులు తప్ప, 14 ఏండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టరాదని శాసించినది. అయినను ఆపద వచ్చిన రాత్రి ఆ యింటి గడపకు చట్టము రాదు. రాగలవారు మీరే.

కాని ఆ వేళ మీరు అప్పిచ్చినంతమాత్రమున చాలదు. 2010 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థలు వారపు కిస్తీలకై యొత్తిడి చేయగా ఆత్మహత్యలు జరిగి, ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చిన సంగతి మీరు మరచియుండరు. సదుద్దేశముతో నిచ్చిన ఋణము సయితము పిల్లల మీదికే మరలవచ్చును: గేదెను కొన్నచో మేపుటకు పిల్లవాడు బడి మానును, అంగడి పెట్టినచో కూతురు తక్కెడ ముందు కూర్చుండును. కావున ఋణము మంజూరు చేయుటకు ముందే, ఆ సొమ్ముతో వచ్చు పనిని ఎవరు చేయుదురని యడిగి, ఆ జవాబును తీర్మానముల పుస్తకమున వ్రాయింపుడు. కిస్తీలను వారము లెక్కన గాక పంట సొమ్ము చేతికందు కాలమునుబట్టి నిర్ణయింపుడు. మీలోనే సీడు పత్తి వేసిన సభ్యురాండ్రున్నచో, విత్తన పరీక్షలు ముగియువరకు కంపెనీ సొమ్ముకై యెదురుచూడవలసిన వారి యిక్కట్టు నిజమైనదే. వారికి పెద్దల కూలికై ప్రత్యేకముగా ఋణ మిచ్చి, ప్రతిగా చేనిలో పిల్లలుండరాదనియు, మందు చల్లిన దినమున నెవ్వరిని క్రాసింగుకు దింపరాదనియు, చేతితొడుగులు, త్రాగునీరు సమకూర్పవలెననియు మాట పుచ్చుకొనుడు.

పేదలకు చదువు పట్టదను అపవాదును రంగారెడ్డి జిల్లా పల్లెలలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990 ల నుండియే అబద్ధము చేసినది. వెట్టిలోనున్న పిల్లలను విడిపించి బడిలో చేర్చిన ఆ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003 లో మెగసెసే పురస్కారము లభించినది. అక్కడి తలిదండ్రులు మన తలిదండ్రులకన్న ధనికులు కారు.

విత్తులు వేయు కాలమునకు ముందు జరుగు మీ సమావేశమున, ఇతర దరఖాస్తులను చేపట్టకపూర్వమే, అడ్వాన్సు తీసుకొన్న యిండ్లేవో వారి మనసు నొప్పింపకుండ విచారించి, ఆ బాకీలను తీర్చు ఋణములనే మొట్టమొదట మంజూరు చేయుడని వేడుకొనుచున్నాను.