కుష్ఠు అనే మాట పాపమునకు మారుపేరు కాదు



హైదరాబాదు పాతబస్తీలో ఉంటున్న మన సంఘస్థుల ఇంటి ప్రార్థనలో, వేళ్లు వంకరపోయిన ఒక పెద్దాయన నన్ను ఇలా అడిగారు: "అయ్యగారూ, మందు పూర్తిగా వాడాను. రోగం పోయిందని డాక్టరుగారు చెప్పారు. మరి ప్రసంగాల్లో నేనింకా పాపానికి గుర్తుగానే ఉన్నానేమి?"

లేవీయకాండము 13, 14 అధ్యాయాలు తీసి, కుష్ఠు అంటే పాపమని బోధించడం మన సంఘాలలో అలవాటు. ఆ అధ్యాయాలను నెమ్మదిగా చదవండి. అక్కడి కుష్ఠుపొడ మనుష్యుల చర్మానికే కాదు, బట్టలకూ ఇంటి గోడలకూ వస్తుంది. ఈనాటి కుష్ఠువ్యాధి గోడలకు పట్టదు. ఈ వ్యాధికి ముఖ్యమైన గుర్తు స్పర్శ పోవడం. ఆ మాట అక్కడ లేనేలేదు. హెబ్రీలో ఉన్న 'సారాత్' అనే మాటకు తెలుగులో కుష్ఠు అని పెట్టారు. ఆ ఒక్క మాటతో నింద అంతా ఈ రోగుల మీద పడింది.

మిర్యాము, గేహజీ, ఉజ్జియాల సంగతేమిటని మీరు అడగవచ్చు. వారి తప్పేమిటో వాక్యమే చెప్పింది. నయమాను రోగానికి ఏ తప్పూ కారణమని చెప్పలేదు. వాక్యము మోపని నేరాన్ని మనము మోపకూడదు.

పాళెము వెలుపల ఉండాలని వ్రాయబడిన మాట నిజమే. అయితే 14వ అధ్యాయంలో యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లి బాగుపడినవానిని చూడాలి, పవిత్రుడని చెప్పి లోపలికి చేర్చాలి. వెలుపలికి పంపే వచనం అందరికీ కంఠతా వచ్చు. తిరిగి చేర్చుకునే అధ్యాయాన్ని ఎవరు ప్రసంగిస్తున్నారు?

నూరేళ్ల క్రితమే ఇసబెల్ కెర్ అమ్మగారు నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఈ రోగులకు వైద్యం చేశారు. కుష్ఠువ్యాధిని కారణంగా చూపి విడాకులు అడగవచ్చునని క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా ఉండేది. 2019లో పార్లమెంటు ఆ మాటను తీసేసింది. చట్టము విడిచిపెట్టిన నిందను ప్రసంగ పీఠము పట్టుకొని ఉండవచ్చునా?

ఇది మాటల పట్టింపు కాదు. సిగ్గుతో మచ్చను దాచుకున్నవాడు ఆలస్యంగా ఆసుపత్రికి వస్తాడు. ఆలోగా నరాలు దెబ్బతిని చేతులు, కాళ్లు వంకరపోతాయి. స్పర్శ లేని మచ్చ కనబడితే వెంటనే సర్కారు దవాఖానకు వెళ్లండి. మందు ఉచితం, ఆరు నెలలు లేక ఏడాది వాడితే నయమవుతుంది.

బోధించే సహోదరులారా, పాపాన్ని పాపమనే పిలవండి. ఆ పెద్దాయన వంటివారిని వెనుక చాప మీద కాక, మీ ప్రక్కన కూర్చోబెట్టుకోండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.