తేనీటి బల్లకు లేని మైల

సెలవులు వచ్చినవన్న మన జిల్లాలనుండి సకుటుంబముగా హైదరాబాదు జూడబోవువారు పెక్కుమంది. అట్టివారు చార్మినారును జూడక తిరిగిరారు. 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా నిర్మించిన ఆ కట్టడము చుట్టు తిరిగి, లాడ్ బజారులో ఆడపిల్లలకు గాజులు కొని, కాళ్లు నొప్పి పుట్టిన పిమ్మట ఇరానీ హోటలులో కూర్చుండుట పరిపాటి. పిల్లలకు ఉస్మానియా బిస్కత్తులు, పెద్దలకు తేనీరు. బల్లచుట్టు నలుగురు కూర్చున్నచో ఐదవవాడు వచ్చి ఖాళీయున్న కుర్చీని లాగికొనును. అతడు బండి తోలువాడో, వకీలో, ఏ కులమువాడో ఎవరును విచారింపరు. అతని కప్పును, మన యింటి యజమాని కప్పును ఒక్క తొట్టిలోనే కడుగుదురు. ఆ సంగతి ఎరిగియు యజమాని రెండవ కప్పు తెప్పించుకొనును.

ఈ హోటళ్లను స్థాపించినవారు సంస్కర్తలు కారు. 19వ శతాబ్దాంతమునను, 20వ శతాబ్ద్యారంభమునను ఇరాను దేశమునుండి బొంబాయి, పూనా, హైదరాబాదు నగరములకు బ్రతుకుతెరువునకై వచ్చిన వర్తకులు. డికాక్షనును మూతపెట్టి ఒకచోట మరిగించి, పాలను వేరుగా చిక్కబడ కాచి, రెంటిని కప్పులో కలుపుట వారి హోటళ్ల పద్ధతి. వచ్చినవాడు కాసులిచ్చెనా లేదా యనునదియే వారికి గావలసినది. ఆనాడు రైలు స్టేషనులలో హిందువుల తేనీరు వేరు, మహమ్మదీయుల తేనీరు వేరు. చెన్నరాజధానిలోని భోజనశాలలలో బ్రాహ్మణులకు ప్రత్యేకమైన గదులుండెడివి. మన పండితుల యుపన్యాసములు సాధింపనిదానిని పరదేశి వర్తకుని లాభాపేక్ష సాధించినదని యొప్పుకొనుట మనకు కొంత లజ్జాకరమే. (ఆ హోటళ్లలోను స్త్రీల నొక మూల గదికి పంపు అలవాటు కొన్నిచోట్ల గలదు. దానిని మేము మెచ్చుకొనజాలము.)

యాత్ర ముగిసి కుటుంబము స్వగ్రామము చేరును. ఊరి మొదట బడ్డీకొట్టు. కొన్ని గ్రామములలో ఆ కొట్టునందు గ్లాసులు రెండు విధములు. పీటపై నున్నవి ఊరివారికి. చూరులోనో, గోడమీదనో వేరుగా నుంచినవి మాలమాదిగలకు. దళితుడు త్రాగిన గ్లాసును తానే కడిగి, తీసినచోటనే పెట్టవలెను. బల్లపై కూర్చుండరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జస్టిస్ పున్నయ్యగారి సంఘము విచారించి ఈ దురాచారమును ప్రభుత్వము దృష్టికి తెచ్చినది. నేటికిని అది పూర్తిగా సమసిపోలేదు.

దీనిని పూర్వాచారమనువారున్నారు. ఏ పూర్వము? ఏ స్మృతిలోను తేనీటి ప్రసక్తి లేదు. 1933 డిశంబరులో మహాత్ముడు హరిజనోద్ధరణకై ఆంధ్రదేశమున పర్యటించునాటికి మన పల్లెలలో తేనీటి దుకాణమే అరుదు. (తేనీరు ఆరోగ్యమునకు మంచిది కాదని ఆయన వ్రాసియున్నారు, ఆ చర్చ వేరు.) దుకాణము క్రొత్తది, గ్లాసు క్రొత్తది, దానిలో మైలను మాత్రము మన తరములవారే తెచ్చి పోసిరి.

శాసనమునకు లోటు లేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. 15వ అధికరణము దుకాణములను, హోటళ్లను పేర్కొని అందరకును ప్రవేశము కల్పించినది. 1955నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఇంకను ముందునకు పోయి, హోటళ్లలో జనుల యుపయోగమునకై యుంచిన పాత్రలను వాడనీయకుండుటయు నేరమే యన్నది.

ఒక గ్లాసుకొరకు ఇంత రచ్చ యేల యని కొందరి ప్రశ్న. 1985లో కారంచేడున వివాదము మొదలైనది త్రాగునీటి చెరువు దగ్గర. 1991లో చుండూరున మొదలైనది సినిమాశాలలో. రెండును మొదట చిన్న మాటలే. తుదకు దళితుల ప్రాణములు పోయినవి.

ఇప్పుడు కాగితపు కప్పులు వచ్చినవి గనుక ఈ సమస్య తీరినదని మరియొక వాదము. అందరకును కాగితపు కప్పే యిచ్చుచోట మేము చెప్పునది లేదు. కాని కొన్నిచోట్ల ఊరివారికి గాజుగ్లాసు, దళితులకు మాత్రము పారవేయు కప్పు! చూరులోని గ్లాసు కంటబడును, సాక్ష్యమగును. ఈ కప్పు త్రాగినంతనే చెత్తలో గలసిపోవును.

పాలలో నీరు గలిపిరా యని పరీక్షించు అధికారులు మనకు గలరు. వారికి గాని, మండలాధికారులకు గాని ఈ పరీక్షకు యంత్రము గావలసిన పనిలేదు. కూలీలు పనికిపోవు వేళకు ఒక ఉదయము ఆ బడ్డీ యెదుట నిలిచి, ఎవరికి దేనిలో పోయుచున్నారో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూచినచో చాలును.