ఎగిరిపోవు పెట్రోలు

వేసవియందు ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలో ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. ఆ ఎండలో బజారు ప్రక్కన నిలిపియుంచిన కార్లు పొగ విడువవు గనుక ఎవరికిని కీడు చేయవని మనవారి నమ్మకము. ఇది సరియైన నమ్మకము కాదు. యంత్రము నిద్రించినను టాంకులోని పెట్రోలు నిద్రింపదు. అది వేడికి ఆవిరియై వెలుపలికి దారి వెదకుచునే యుండును.

ఆ యావిరిలో బెంజీను గలదు. అది కేన్సరు వ్యాధికి కారణమగునని వైద్యశాస్త్రము నిశ్చయించినది. అంతియగాక, ఈ యావిరి వాహనముల పొగలోని నత్రజని ఆక్సైడులతో గలసి, ఎండ తగిలినప్పుడు ఓజోనును పుట్టించును. ఊపిరితిత్తులకు అది శత్రువు. లాస్ ఏంజిలెస్ నగరమును క్రమ్మిన విషధూమమునకు ఇట్టి చర్యయే మూలమని 1950వ దశకపు ప్రారంభమున హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆ నగరము గల కాలిఫోర్నియా రాష్ట్రమే 1970 నుండి క్రొత్త కార్లలో పెట్రోలావిరిని అరికట్టవలెనని నిర్బంధించినది.

అరికట్టు విధము మన గృహిణులకు తెలియనిది కాదు. కర్పూరము హరించిపోకుండ డబ్బాలో వారు మిరియపుగింజలు వేయుదురు. కారులో అట్టి కాపలా పని ఒక బొగ్గు డబ్బాది. టాంకునుండి లేచిన యావిరి గొట్టము వెంట ఆ డబ్బాలోనికి పోయి, సూక్ష్మరంధ్రములు గల బొగ్గునకు అంటి నిలుచును. ఇంజను నడచునప్పుడు ఒక కవాటము తెరచుకొనును. ఇంజను పీల్చిన గాలి బొగ్గుగుండ ప్రవహించి, ఆవిరిని వెంటగొని లోనికి చేరును. అచ్చట అది మండి బండిని నడపుటకే వినియోగపడును. బొగ్గు ఖాళీయై మరల కావలికి సిద్ధమగును. 2020 ఏప్రిల్ 1న దేశమంతట అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనలలో ఈ యావిరికిని హద్దు గలదు.

ఇంత చక్కని యేర్పాటును మనమే చెరచుచున్నాము. బంకులో గొట్టము తనంతట ఆగిన పిదపను అంచువరకు పోయుమని పట్టుబట్టువారు కలరు. అట్లు మీరిన పెట్రోలు బొగ్గులోనికి చొరబడినచో డబ్బా పాడగును. టాంకు మూత రబ్బరు చినిగినను మార్చువారు అరుదు. ఇక కాలుష్య పరీక్షా కేంద్రమువారు ఇచ్చు పత్రము పొగగొట్టమును గూర్చినదేగాని టాంకును గూర్చినది కాదు. కావున పత్రము చేత గలవాడెల్ల నిర్దోషి కాడు.

రవాణాశాఖవారు ఆ పరీక్షతోబాటు టాంకు మూతను, బొగ్గు డబ్బా గొట్టములను కంటితో చూచు పద్ధతిని చేర్చవలెనని మేము కోరుచున్నాము. దీనికి గొప్ప యంత్రము లక్కరలేదు. బంకుల యజమానులు గొట్టము ఆగిన వెంటనే పోయుట మానవలెనని తమ పనివారికి ఆజ్ఞాపింపవలెను.

మన దేశము వాడు ముడినూనెలో 5 పాళ్లకు 4 పాళ్లకంటె నెక్కువ విదేశములనుండి వచ్చుచున్నది. ఆదోని జిన్నింగు మిల్లులలో పింజ విలువ యెరిగినవారము. ఎమ్మిగనూరు మగ్గముపై నేతగాడు పోగును వృథా పోనీయడు. పోగును లెక్కించు సీమలో, ధనమిచ్చి తెచ్చుకొన్న పెట్రోలును గాలికి వదలి, ఆ గాలినే మన బిడ్డలచేత పీల్పించుట ధర్మమా? పాఠకులు యోచింతురు గాక.